ఉమ్మడి వ్యంజనాలు, విడి పొట్లాలు

భోజన సమయంలో తినేవారు తమ ఇష్టాన్ని బట్టి కలుపుకొనే, నంజుకొనే లేదా చల్లుకొనే ఉప్పు, కారం, పచ్చడి, ఊరగాయ, పొడి, చక్కెర, టమాటా కెచప్, సోయా సాస్ వంటి పదార్థాలను వ్యంజనాలు అంటారు. వీటిని అందించే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకే పాత్రను బల్లపై ఉంచి దానినుండి అందరూ తీసుకోవడం మొదటిది. దీనిని ఉమ్మడి పాత్ర పద్ధతి అనవచ్చు. ఒక్కొక్కరికి ఒక్క పూటకు సరిపడే మోతాదును సీలు వేసిన చిన్న పొట్లంలో ఇవ్వడం రెండవది; ఇది విడి పొట్లం పద్ధతి. పరిశుభ్రత, ఖర్చు, చెత్త, ఆరోగ్యం, వాడుకలో సౌలభ్యం అనే విషయాలలో ఈ రెంటికీ చెప్పుకోదగిన తేడాలు ఉన్నాయి. 2020లో కోవిడ్-19 మహమ్మారి వ్యాపించినప్పుడు చాలా దేశాలలో విడి పొట్లాల వాడకం పెరిగింది. ఆ తరువాతి సంవత్సరాలలో ప్లాస్టిక్ చెత్తను తగ్గించడానికి చేసిన చట్టాలు అవే పొట్లాలపై ఆంక్షలు విధించాయి. అందువలన ఈ రెండు పద్ధతుల పోలిక భోజనశాలల యజమానులకే గాక ప్రభుత్వాలకు కూడా ముఖ్యమైన విషయమైంది.

పదాలు, అర్థాలు

వ్యంజనం సంస్కృత పదం. వ్యాకరణంలో ఇది హల్లులకు పేరు. పాకశాస్త్రంలో అన్నానికి రుచి చేర్చే పదార్థానికి పేరు. ఇదే అర్థంలో తెలుగులో ఆదరువు అనే మాట, సంస్కృతంలో ఉపదంశం అనే మాట ఉన్నాయి. వాడుకలో "నంజుకోవడానికి ఏమున్నది?" అని అడగడమే ఎక్కువ.

పొట్లం అనగా మొదట ఆకులోగాని కాగితంలోగాని కట్టినది. కిరాణా కొట్టులో చక్కెర, జీలకర్ర వంటివి కాగితపు పొట్లాలలో కట్టి దారం చుట్టి ఇచ్చేవారు. నేడు సీలు వేసిన ప్లాస్టిక్ పొట్లాన్ని ప్యాకెట్టు, సాచెట్ అని కూడా అంటున్నారు.

విడిగా ఇచ్చే ప్రతి వస్తువూ పారవేసే వస్తువు కానవసరం లేదని ఇక్కడ గమనించాలి. ఇడ్లీ పళ్ళెంలో చట్నీతో ఉంచే చిన్న స్టీలు గిన్నె కూడా ఒక్కరికే ఉద్దేశించినది. అయితే దానిని కడిగి మళ్ళీ వాడుతారు. ఈ తేడాను మరచిపోవడం వలన విడి పొట్లానికి ఉమ్మడి సీసా ఒక్కటే ప్రత్యామ్నాయమనే అభిప్రాయం ఏర్పడుతూ ఉంటుంది.

చరిత్ర

ఉమ్మడి పాత్రలు

ప్రాచీన రోమనుల భోజనబల్లపై ఉప్పుగిన్నెకు ప్రత్యేక స్థానం ఉండేది. మధ్యయుగపు ఐరోపాలో ప్రభువుల విందులలో పెద్ద ఉప్పుపాత్రను గృహయజమాని వద్ద ఉంచేవారు. ఆ పాత్రకు ఎంత దూరంలో కూర్చున్నారన్న దానిని బట్టి అతిథి హోదా తెలిసేది. తరువాతి శతాబ్దాలలో ఒక్కొక్కరి పళ్ళెం పక్కన ఒక్కొక్క చిన్న ఉప్పుగిన్నె ఉంచే అలవాటు కూడా వచ్చింది. కనుక విడిగా ఇవ్వడం అనే ఆలోచన ప్లాస్టిక్ కంటె చాలా పాతది.

గాలిలోని తేమను పీల్చుకొని గడ్డకట్టే స్వభావం వలన ఉప్పును చిల్లుల డబ్బాలో వాడడం కష్టంగా ఉండేది. అమెరికాలో మోర్టన్ సాల్ట్ కంపెనీ 1911లో మెగ్నీషియం కార్బొనేట్ కలిపి, సులభంగా రాలే ఉప్పును తయారుచేసింది. చిల్లుల డబ్బా బల్లపై స్థిరపడడానికి ఇటువంటి ఉప్పు తోడ్పడింది. అంతకు పూర్వమే, 1876లో, హెన్రీ జె. హైంజ్ టమాటా కెచప్‌ను సీసాలలో అమ్మడం ప్రారంభించాడు. కెచప్ సీసా అమెరికా భోజనశాలలలో బల్లకు ఒకటి చొప్పున ఉండే వస్తువైంది.

ఆసియా దేశాలలో కూడా ఉమ్మడి పాత్రల సంప్రదాయం బలమైనది. థాయిలాండు నూడుల్స్ దుకాణాలలో ప్రతి బల్లపై నాలుగు పాత్రల గుత్తి ఉంటుంది. అందులో చక్కెర, ఎండుమిరప తునకలు, చేపల సాస్, మిరపకాయలు వేసిన వెనిగర్ ఉంటాయి. తీపి, కారం, ఉప్పు, పులుపు తినేవారే సరిచూసుకుంటారు. జపానులోని ఒసాకా నగరంలో కుషికత్సు అనే వంటకం ప్రసిద్ధి చెందినది. పుల్లకు గుచ్చి నూనెలో వేయించిన మాంసం, కూరగాయ ముక్కలను బల్లపై ఉన్న ఉమ్మడి సాస్ తొట్టిలో ముంచుకొని తింటారు. కొరికిన ముక్కను రెండవసారి ముంచరాదన్నది అక్కడి కఠిన నియమం. సాస్ చాలకపోతే కాబేజీ ఆకుతో తీసుకొని పోసుకోవాలి.

విడి పొట్లాల రాక

కొలిచిన మోతాదు అనే భావనకు తొలి ప్రసిద్ధ ఉదాహరణ చక్కెర బిళ్ళ. నేటి చెక్ రిపబ్లిక్‌లోని దాచిత్సే పట్టణంలో చక్కెర మిల్లు నిర్వహించిన యాకుబ్ క్రిష్టోఫ్ రాడ్ 1843లో ఘనాకారపు చక్కెర బిళ్ళలకు హక్కు పొందాడు. అప్పటివరకు చక్కెర గట్టి దిమ్మలుగా అమ్ముడయ్యేది. దానిని పగులగొట్టి వాడుకోవలసి వచ్చేది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత న్యూయార్కులోని బ్రూక్లిన్‌కు చెందిన బెంజమిన్ ఐసెన్‌స్టాట్ చక్కెరను చిన్న కాగితపు పొట్లాలలో నింపే పద్ధతిని రూపొందించాడు. అతడు అంతకుముందు నౌకానిర్మాణ కేంద్రం ఎదుట ఫలహారశాల నడిపి, యుద్ధానంతరం వ్యాపారం తగ్గడంతో టీ సంచులు నింపే పనికి మారాడు. ఆ యంత్రాలే చక్కెర పొట్లాలకు కూడా ఉపయోగపడ్డాయి. ఈ ఆలోచనపై అతడు పేటెంటు తీసుకోకపోవడంతో పెద్ద చక్కెర కంపెనీలు దానిని సొంతం చేసుకున్నాయి. 1957లో అతని సంస్థ స్వీట్ ఎన్ లో అనే కృత్రిమ తీపిని గులాబీరంగు పొట్లాలలో విడుదల చేసి నిలదొక్కుకున్నది.

జపానులో 1950లలో సోయా సాస్ నింపిన చేప ఆకారపు చిన్న ప్లాస్టిక్ బుడ్డీలు వచ్చాయి. అమెరికాలో ద్రవపదార్థాల పొట్లానికి 1955లో పేటెంటు లభించింది. హైంజ్ సంస్థ 1968లో కెచప్ పొట్లాలను ప్రవేశపెట్టింది. కారులోనే కూర్చొని తినే అలవాటు, భోజనం ఇంటికి తీసుకుపోయే అలవాటు పెరిగిన కొద్దీ ఈ పొట్లాలు వ్యాపించాయి. ముంచుకోవడానికీ, పిండుకోవడానికీ వీలైన పెద్ద పొట్లాన్ని అదే సంస్థ 2010లో ప్రకటించింది.

అంతరిక్షంలో ఈ సమస్యకు మరో పరిష్కారం కనుగొనవలసి వచ్చింది. భారరహిత స్థితిలో ఉప్పు, మిరియాల రేణువులు గాలిలో తేలి పరికరాలలోనికి, కళ్ళలోనికి పోయే ప్రమాదం ఉన్నది. అందువలన వ్యోమగాములకు ఉప్పును నీటిలో, మిరియాల పొడిని నూనెలో కలిపి బుడ్డీలలో ఇస్తారు.

తెలుగువారి సంప్రదాయం

తెలుగువారి భోజనంలో పచ్చడి, ఊరగాయ, పొడి లేని పూట అరుదు. వీటిని అందించే తీరులో ఉమ్మడి, విడి పద్ధతుల మధ్యస్థమైన ఒక మూడవ పద్ధతి కనిపిస్తుంది. అది వడ్డన. పాత్ర ఉమ్మడిదే గాని తినేవాని చేయి దానిని తాకదు. వడ్డించేవారు గరిటెతో తీసి విస్తరిలో వేస్తారు. ఉప్పు, ఊరగాయ, పచ్చడి విస్తరి పైభాగంలో కొద్ది కొద్దిగా వేసి, కావలసినవారికి మళ్ళీ అడిగి వడ్డిస్తారు. ఒక్కొక్కరి భాగం ఒక్కొక్కరికి చేరుతుంది. పారవేయవలసిన పొట్లం ఉండదు.

ఈ పద్ధతికి మూలం ఎంగిలి అనే భావన. నోటికి తగిలిన చేయి, చెంచా, మిగిలిన ఆహారం ఎంగిలి అవుతాయి. వాటిని ఇతరుల ఆహారానికి తగలనీయరు. తనంతట తాను వడ్డించుకోవలసి వచ్చినప్పుడు కుడిచేయి ఎంగిలి గనుక ఎడమచేతితో గరిటె పట్టుకోవడం నేటికీ తెలుగు ఇళ్ళలో చూడవచ్చు. సూక్ష్మజీవుల సంగతి తెలియని కాలంలోనే ఏర్పడిన ఈ నియమం, ఒకరి లాలాజలం మరొకరి ఆహారంలో చేరకుండా చూస్తుంది. అయితే ఎంగిలి, అంటు అనే భావనలు కులభేదాలతో కలిసిపోయి, కొందరిని పంక్తికి దూరంగా ఉంచడానికి కూడా కారణమయ్యాయి. ఈ రెంటినీ వేరుచేసి చూడడం అవసరం.

ఊరగాయను నిల్వచేసే తీరులోనూ ఇటువంటి జాగ్రత్త ఉన్నది. ఏడాదికి సరిపడే ఆవకాయను పెద్ద జాడీలో పెట్టి, మూతికి గుడ్డతో వాసెన కడతారు. తడి చేయి గాని తడి గరిటె గాని తగలనీయరు. వారానికో పది రోజులకో సరిపడేంత చిన్న జాడీలోనికి తీసి, రోజువారీ వాడకానికి దానినే తెరుస్తారు. చిన్న జాడీలో బూజు పట్టినా పెద్ద జాడీ క్షేమంగా ఉంటుంది. నిల్వ పాత్రను, వాడుక పాత్రను వేరుగా ఉంచాలన్న నేటి ఆహార భద్రతా సూత్రం ఇదే.

హోటళ్ళలో ఈ పద్ధతి మారింది. ఆంధ్రా భోజనం పెట్టే మెస్సులలో కందిపొడి, ఆవకాయ, గోంగూర పచ్చడి వంటివి మూతగల గిన్నెలలో బల్లమీదనే ఉంచడం సాధారణం. టిఫిన్ హోటళ్ళలో చట్నీ, సాంబారు బకెట్లతో తిరిగి వడ్డించేవారు ఉంటారు. లేదా తినేవారే తీసుకొనే ఏర్పాటు ఉంటుంది. పార్సిల్ కట్టేటప్పుడు చట్నీ, సాంబారులను పలుచని ప్లాస్టిక్ సంచులలో పోసి దారంతోనో రబ్బరు బ్యాండుతోనో ముడివేస్తారు. ఇది సీలు లేని విడి పొట్లం. రైళ్ళలో ఇచ్చే భోజనంలో ఊరగాయ సీలు వేసిన చిన్న పొట్లంలో వస్తుంది. కిరాణా కొట్లలో సరాలుగా వేలాడే ఊరగాయ పొట్లాలు కూడా అందరికీ పరిచితమే. నెలకు సరిపడే సీసా ఒకేసారి కొనలేని కూలీలకు, ఒంటరిగా ఉండే విద్యార్థులకు ఇవి ఆ పూటకు ఆదరువవుతున్నాయి.

పొట్లం తయారయ్యే విధం

విడి పొట్లాలను నింపే యంత్రంలో ప్లాస్టిక్ పొరల చుట్టను ముందుగా మడిచి, వేడితో అంచులు అతికిస్తారు. ఏర్పడిన సంచిలోనికి కొలిచిన పదార్థాన్ని వదిలి, పై అంచును కూడా అతికించి కత్తిరిస్తారు. ఈ మూడు పనులూ ఒకే యంత్రంలో వరుసగా జరుగుతాయి. చింపడానికి వీలుగా అంచున చిన్న గాటు పెడతారు.

పొట్లానికి వాడే రేకు చాలాసార్లు ఒకే పదార్థం కాదు. బయట అచ్చు నిలిచే గట్టి పొర, మధ్య గాలి, వెలుతురు, తేమలను ఆపే అల్యూమినియం పొర, లోపల వేడికి అతుక్కొనే పాలిథిన్ పొర ఉంటాయి. నూనె, పులుపు, ఉప్పు కలిసిన ఊరగాయ, కెచప్ వంటివి చెడకుండా నెలల తరబడి ఉండడానికి ఈ పొరల కలయికే కారణం. ఆ పొరలను తిరిగి విడదీయడం కష్టం గనుక పునర్వినియోగానికి అడ్డంకి కూడా అదే.

పోలిక

పరిశుభ్రత

తెరవని పొట్లంలోని పదార్థాన్ని వేరొకరు తాకే అవకాశం లేదు. ఈ విషయంలో విడి పొట్లానిదే పైచేయి. అయితే ఉమ్మడి పాత్రలన్నీ ఒకే విధమైనవి కావు. వెడల్పు మూతి, చెంచా ఉన్న గిన్నెలో కలుషితమయ్యే అవకాశం ఎక్కువ. సన్నని మూతి గల సీసాలో తక్కువ. నొక్కితే పడే పంపు డబ్బాలో ఇంకా తక్కువ. అమెరికా ఆహార, ఔషధ పరిపాలనా సంస్థ వెలువరించే ఆహార నియమావళి ఈ తేడాను గుర్తిస్తుంది. ఒకరికి వడ్డించిన ఆహారాన్ని మరొకరికి పెట్టరాదని చెబుతూనే, సన్నమూతి కెచప్ సీసా వంటి వాటికీ, తెరవని విడి పొట్లాలకూ మినహాయింపు ఇస్తుంది.

పదార్థ స్వభావం కూడా ముఖ్యమే. ఉప్పు, పులుపు, చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థాలలోను, పొడిగా ఉన్న వాటిలోను సూక్ష్మజీవులు సులభంగా పెరగవు. ఆవకాయ, కెచప్, వెనిగర్, కందిపొడి ఇటువంటివి. కొబ్బరి చట్నీ, పెరుగు పచ్చడి, మయొనైజ్ వంటివి గది ఉష్ణోగ్రతలో త్వరగా పాడవుతాయి. వీటిని బల్లపై గంటల తరబడి ఉంచడం ఏ పాత్రలోనైనా మంచిది కాదు.

అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, కొరికిన ముక్కను మళ్ళీ ముంచడం వలన ముంచుకొనే పదార్థంలో బాక్టీరియా గణనీయంగా పెరుగుతుందని తేలింది. చిక్కని జున్ను, చాక్లెట్ సాస్‌ల కంటె పలుచని టమాటా సల్సాలో మొదట ఎక్కువ బాక్టీరియా చేరింది. ముక్కనుండి తిరిగి పాత్రలోనికి జారే భాగం దానిలో ఎక్కువ కావడం ఇందుకు కారణం. అయితే సల్సాలోని పులుపు వలన కాలం గడిచేకొద్దీ ఆ సంఖ్య తగ్గింది. ఒసాకా వారి నియమం వెనుకనున్న తర్కం దీనివలన బోధపడుతుంది.

సీసాలను తిరిగి నింపడంలో ఒక ముఖ్యమైన లోపం జరుగుతూ ఉంటుంది. అడుగున మిగిలిన పాత సాస్‌పై కొత్తది పోస్తే పాతది ఎన్నటికీ ఖాళీ కాదు. అది పులిసి వాయువు పుట్టి, మూత తెరవగానే పైకి చిమ్మవచ్చు. ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి నింపడమే సరైన పద్ధతి.

పొట్లం చేయగలిగినది కూడా పరిమితమే. తయారీలోనే దోషం ఉంటే పొట్లం దానిని నివారించలేదు. 2024 అక్టోబరులో హైదరాబాదులో కలుషితాహారం తిని ఒకరు మరణించి, పలువురు అస్వస్థులైన ఉదంతం తరువాత, పచ్చి గుడ్లతో చేసిన మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఆ నెల 30 నుండి ఏడాదిపాటు నిషేధించింది. కేరళ 2023లో, తమిళనాడు 2025లో ఇటువంటి చర్యలే తీసుకున్నాయి. ఈ నిషేధాలు వడ్డించే పాత్రను గూర్చినవి కావు, తయారీని గూర్చినవి.

ఖర్చు

ఒకే పదార్థాన్ని పెద్ద డబ్బాలో కొన్నప్పటి కంటె పొట్లాలలో కొన్నప్పుడు గ్రాముకు ధర ఎక్కువ పడుతుంది. అయితే ఉమ్మడి పాత్రకు కడగడం, నింపడం, తుడవడం అనే శ్రమ ఉంటుంది. పొట్లాలకు ఆ శ్రమ లేదు. కాని అడగకుండానే గుప్పెడు పొట్లాలు సంచిలో వేసే అలవాటు వలన ఆ లాభం పోతుంది. ఇంటికి చేరిన పొట్లాలలో చాలా భాగం వంటింటి సొరుగులో పడి ఉండి, గడువు తీరాక చెత్తబుట్టకు చేరుతాయి.

చెత్త

కవచపు పరిమాణాన్ని లెక్కతో చూడవచ్చు. ఒక లీటరు పదార్థం పట్టే ఘనాకారపు పెట్టె ఉపరితలం 600 చదరపు సెంటీమీటర్లు. అదే పదార్థాన్ని 10 మిల్లీలీటర్ల చొప్పున 100 చిన్న ఘనాలలో నింపితే, ఒక్కొక్కదాని ఉపరితలం సుమారు 27.85 చదరపు సెంటీమీటర్లు; మొత్తం 2,785. అనగా కవచపు వైశాల్యం 4.6 రెట్లకు పైగా పెరుగుతుంది. చదునైన పొట్లం ఘనం కంటె ఎక్కువ వైశాల్యం గలది. అతికించే అంచులు కూడా అదనం. కనుక వాస్తవంలో ఈ నిష్పత్తి ఇంకా ఎక్కువ. అయితే పొట్లపు రేకు సీసా గోడకంటె చాలా పలుచన గనుక, బరువులో తేడా ఇంతగా ఉండకపోవచ్చు.

బరువు కంటె సేకరణ పెద్ద సమస్య. గాజు సీసాకు, గట్టి ప్లాస్టిక్ డబ్బాకు పాతసామాను దుకాణంలో ధర పలుకుతుంది. సాస్ అంటిన చిన్న పొట్లానికి ధర లేదు గనుక చెత్త ఏరుకొనేవారు దానిని తీసుకోరు. యంత్రాలతో చెత్తను వేరుచేసే చోట కూడా ఇంత చిన్న ముక్కలు జల్లెడలనుండి జారిపోతాయి. చివరకు అవి కాలువలకు, చెత్తదిబ్బలకు చేరుతాయి.

ఆహార వృథాను కూడా లెక్కలోనికి తీసుకోవాలి. పళ్ళెంలో అధికంగా వేసుకొని వదిలిన చట్నీ వృథాయే. పొట్లం అవసరమైనంతే తెరుచుకొనే వీలు ఇస్తుంది. కాని మడతలలో అంటుకొని మిగిలిన పదార్థం దానితోనే పోతుంది.

ఆరోగ్యం

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాముల కంటె తక్కువ ఉప్పును సూచిస్తున్నది. ఒక గ్రాము ఉప్పు పొట్లాలైతే, ఐదింటితోనే ఆ హద్దు నిండిపోతుందని తినేవారికి తెలుస్తుంది. చిల్లుల డబ్బాతో చల్లుకొన్నప్పుడు ఆ లెక్క తెలియదు. రక్తపోటు, మధుమేహం గలవారికి కొలిచిన మోతాదు మేలు చేస్తుంది. పొట్లంపై గాని, పొట్లాలు వచ్చిన పెట్టెపై గాని ముద్రించిన వివరాలు, వేరుశనగ, నువ్వులు, ఆవాలు వంటివి సరిపడనివారికి ఉపయోగపడతాయి. ఉమ్మడి పాత్రలో ఒక పచ్చడి చెంచా మరొక పచ్చడిలో పడితే వారికి ప్రమాదం.

ఇదే ఉద్దేశంతో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్ రాష్ట్రంలో 2011లో భోజనశాలల బల్లలపై ఉప్పుడబ్బాలు తొలగించే ఏర్పాటు చేశారు, అడిగినవారికి ఇస్తారు. ఫ్రాన్సులో 2011 సెప్టెంబరు నాటి ఉత్తర్వు ప్రకారం పాఠశాల భోజనశాలలలో ఉప్పు, మయొనైజ్, కెచప్ వంటివి పిల్లలు ఇష్టానుసారం తీసుకొనేలా ఉంచరాదు. వంటకాన్ని బట్టి వడ్డించాలి. ఈ రెండు చోట్లా ఎంచుకొన్నది ఒక విధంగా వడ్డన పద్ధతే.

వాడుకలో సౌలభ్యం

కీళ్ళవాతం గలవారికి, వణికే చేతులు గల వృద్ధులకు, చూపు తక్కువగా ఉన్నవారికి పొట్లం చింపడం కష్టం. నూనె అంటిన చేతులతో గాటు దొరకక పళ్ళతో కొరకడం అందరికీ అనుభవమే. అటువంటప్పుడు పొట్లపు బయటివైపు మురికి నోటిలోనికి పోయి, పరిశుభ్రత కొరకు చేసిన ఏర్పాటు ప్రయోజనం తగ్గుతుంది. బరువైన గాజు సీసా కూడా వారికి సులభం కాదు. ప్రయాణంలో మాత్రం పొట్లానికి సాటి లేదు.

నమ్మకం, కల్తీ

ఉమ్మడి పాత్రలో ఉన్నది నిజంగా ఏమిటన్న ప్రశ్న ఆలివ్ నూనె విషయంలో చట్టాలదాకా వెళ్ళింది. భోజనశాలలలో మేలైన నూనె సీసాను నాసిరకంతో తిరిగి నింపుతున్నారన్న ఫిర్యాదులపై పోర్చుగల్ 2005లో తిరిగి నింపే సీసాలను నిషేధించింది. ఐరోపా కమిషన్ 2013 మే నెలలో ఇదే నియమాన్ని సమాఖ్య అంతటికీ ప్రతిపాదించి, విమర్శలు రాగా కొద్ది రోజులకే ఉపసంహరించుకొన్నది. స్పెయిన్ అదే సంవత్సరం చివర సొంతంగా నియమం చేసి 2014లో అమలులోనికి తెచ్చింది.

తినేవారివలన కూడా నమ్మకం చెడవచ్చు. 2023 జనవరిలో జపానులోని ఒక సుషీ భోజనశాలలో ఒక యువకుడు ఉమ్మడి సోయా సాస్ సీసా మూతిని నాకుతున్న దృశ్యం అంతర్జాలంలో వ్యాపించింది. ఆ భోజనశాలలో సీసాలను మార్చవలసి వచ్చింది. యాజమాన్య సంస్థ వాటాల ధర పడిపోయింది. ఉమ్మడి పాత్ర పరస్పర విశ్వాసంపై ఆధారపడిన ఏర్పాటని ఈ ఉదంతం చాటింది.

మహమ్మారి కాలం

2020లో అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రాలు భోజనశాలలలో ఉమ్మడి వ్యంజన పాత్రలు వాడవద్దని, ఒక్కసారి వాడే పొట్లాలు ఇవ్వమని సూచించాయి. ఒసాకాలో పలు కుషికత్సు దుకాణాలు ఉమ్మడి తొట్లను తీసివేసి పిండుకొనే సీసాలు పెట్టాయి. ఇంటికి తీసుకుపోయే భోజనం పెరగడంతో 2021 వసంతంలో అమెరికాలో కెచప్ పొట్లాలకు కొరత ఏర్పడింది. హైంజ్ సంస్థ ఉత్పత్తిని 25 శాతం పెంచి ఏడాదికి 1,200 కోట్ల పొట్లాలకు చేర్చనున్నట్లు ప్రకటించింది. కోవిడ్-19 ప్రధానంగా గాలిద్వారా వ్యాపిస్తుందని, వస్తువులను తాకడం వలన ముప్పు తక్కువని తరువాత స్పష్టమైనా, అప్పుడు ఏర్పడిన అలవాటు చాలాచోట్ల నిలిచిపోయింది.

చట్టాలు

* భారతదేశం: 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం గుట్కా, పొగాకు, పాన్ మసాలాలకు ప్లాస్టిక్ పొట్లాలు వాడరాదు. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు మొదలైనవి నిషేధింపబడినా, వ్యంజనాల పొట్లాలు ఆ జాబితాలో లేవు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలు ఇటువంటి మెత్తని, బహుళపొరల కవచాలను సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి.
* అమెరికా: కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో చేసిన చట్టం ప్రకారం పొట్లాలను, ఒక్కసారి వాడే చెంచాలను అడిగినవారికే ఇవ్వాలి. న్యూయార్కు నగరం 2023లో ఇటువంటి చట్టమే చేసింది.
* ఐరోపా సమాఖ్య: 2025 ఫిబ్రవరిలో అమలులోనికి వచ్చిన కవచ నియమావళి ప్రకారం, 2030 జనవరి 1 నుండి హోటళ్ళు, భోజనశాలలలో సాస్, చక్కెర, మసాలా, జామ్ వంటి వాటి ప్లాస్టిక్ విడి పొట్లాలు నిషిద్ధం. పార్సిల్ భోజనంతో ఇచ్చేవాటికి, ఆసుపత్రులు, వృద్ధుల సంరక్షణ గృహాల వంటి చోట్ల వైద్యపరంగా అవసరమైనవాటికి మినహాయింపు ఉన్నది.
* ఆస్ట్రేలియా: దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం 2025 సెప్టెంబరు 1 నుండి చేప ఆకారపు సోయా సాస్ బుడ్డీలను నిషేధించింది.

ఈ చట్టాలలో చాలావరకు పొట్లాన్ని పూర్తిగా తొలగించడం గాక, కూర్చొని తినే చోటును, తీసుకుపోయే భోజనాన్ని వేరుచేసి చూడడం గమనించదగినది.

ఏది ఎక్కడ తగినది

* ఆసుపత్రులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉండే చోట్లు: సీలు వేసిన విడి పొట్లం. తెరచి ఇచ్చే సహాయకులు ఉండడం అవసరం.
* రైళ్ళు, విమానాలు, పార్సిల్ భోజనం: విడి పొట్లం, అడిగినవారికి, అడిగినన్నే.
* కూర్చొని తినే భోజనశాలలు: కెచప్ వంటి వాటికి సన్నమూతి సీసా లేదా పంపు, పొడులకు, ఊరగాయలకు మూతగల చిన్న పాత్ర, పొడి చెంచా, రోజూ కడగడం.
* కొబ్బరి చట్నీ వంటి త్వరగా పాడయ్యేవి: వడ్డన, లేదా కడిగి వాడే చిన్న గిన్నె.
* పాఠశాలల మధ్యాహ్న భోజనం, అన్నదాన సత్రాలు, పెళ్ళి పంక్తులు: వడ్డన.

వడ్డనకు మనుషులు కావాలి. అదే దానికి ఉన్న పెద్ద పరిమితి. పనివారు దొరకడం కష్టమైన చోట హోటళ్ళు పొట్లాల వైపు మొగ్గు చూపడానికి ఇది ముఖ్య కారణం. అయినప్పటికీ పరిశుభ్రతను, తక్కువ చెత్తను ఒకేసారి సాధించగల పద్ధతులలో గరిటెతో వడ్డించడం నేటికీ ముందు వరుసలోనే ఉన్నది.

ఇవి కూడా చూడండి

* ఆవకాయ
* ఊరగాయ
* పచ్చడి
* విస్తరి
* ఆహార కల్తీ
* ప్లాస్టిక్ కాలుష్యం